తిరుమల మెట్లదారిలో చంటిబిడ్డతో

తెలుగువారి యిండ్లలో బిడ్డ పుట్టగనే తల్లికి తలంపునకు వచ్చు కొండ యొకటి కలదు. బిడ్డ పుట్టువెండ్రుకలు ఏడుకొండలవానికి సమర్పింతుమని కొందఱు మొక్కుకొందురు. బిడ్డతో గూడ కాలినడకనే కొండ యెక్కుదుమని మఱికొందఱు మొక్కుకొందురు. మొదటి మొక్కు సులభముగనే తీఱును. చిక్కంతయు రెండవదానియందే కలదు.

అలిపిరి నుండి తిరుమలకు పోవు మెట్లదారి యించుమించు 9 కిలోమీటర్లు, మెట్లు 3,550. వట్టిచేతులతో నడచువారికే మోకాళ్లు నొప్పులెత్తు నీ దారిలో చంటిబిడ్డను మోసికొనిపోవుట యెట్లు? ఒక చంక నుండి మఱియొక చంకకు మార్చుకొనుచు పోయిన తల్లికి నడుము పట్టివేయును. రెండు చేతులును బిడ్డకే యిచ్చినచో కమ్మి పట్టుకొనుటకు చేయి మిగులదు. అందువలన నేడు పెక్కుమంది తల్లులు బిడ్డను ఱొమ్మున కానించి పట్టీలతో కట్టుకొను మెత్తని గుడ్డసంచిని, అనగా బేబీ క్యారియరును, ధరించి కొండ యెక్కుచున్నారు. గడచిన మాఘమాసమున మా అమ్మాయి, అల్లుడు, ఐదవ నెల నడచుచున్న మా మనుమరాలు, నేను ఆ దారిన పోయితిమి. ఆ దారిని గూర్చియు, ఆ సంచిని గూర్చియు మాకు తెలిసిన సంగతులు సోదరీమణులకు ఉపకరించునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కొండమీదికి మనుష్యుని మనుష్యుడు మోయుట క్రొత్త గాదు. 1944వ సంవత్సరమున మొదటి ఘాట్ రోడ్డు తెఱవబడువఱకు నడువలేని వృద్ధులును, రోగులును డోలీలలో కూర్చుండి మోయించుకొని పోయెడివారు. చంటిబిడ్డలు మాత్రము తల్లి చంకనో, తండ్రి భుజముననో కొండ యెక్కిరి. పొలముపనికి పోవు స్త్రీ చెట్టుకొమ్మకు పాతచీరతో ఉయ్యాల కట్టి బిడ్డను పరుండబెట్టును. అడవి ప్రాంతముల గిరిజన స్త్రీలు బిడ్డను గుడ్డతో తమ యొడలికే కట్టుకొని సంతకు పోవుదురు. బిడ్డను ఒడలికి కట్టుకొనుట తల్లులందఱెఱిగిన విద్యయే.

నేటి అంగళ్లలో దొఱకు క్యారియరునకు గూడ మూలమట్టిదే. ఆఫ్రికా ఖండములోని టోగో దేశమున తల్లులు బిడ్డలను బట్టతో వీపునకు కట్టుకొని పనిపాటలు చేసికొందురు. 1960 తరువాత పీస్ కోర్ అను సేవాదళముతో అచటికి పోయిన ఆన్ మూర్ అను అమెరికా నర్సు ఆ బిడ్డలు తల్లి నంటుకొని యెంత నెమ్మదిగ నుందురో చూచెను. స్వదేశమునకు మరలి తానును తల్లి యైన పిమ్మట అట్టిదే కావలెనని తన తల్లి లూసీ ఆకర్మన్ చేత కుట్టించుకొనెను. దానికి 1969లో పేటెంటు లభించెను. 'స్నగ్లీ' యను పేర నది ప్రసిద్ధి కెక్కెను. మొదట వీపున మోయుటకు పుట్టిన యా సంచి తరువాత ఱొమ్మునకు వచ్చెను.

క్యారియరును కొనుచోటనే సగము జాగ్రత్త యున్నది. రంగును, పైనున్న బొమ్మలను చూచి కొనరాదు. దానికి కుట్టిన చీటీపై ఎంత బరువు మొదలుకొని యెంత బరువు వఱకు బిడ్డను మోయవచ్చునో మొట్టమొదట చదువవలెను. నెల తక్కువగ పుట్టిన బిడ్డయైనను, తూకము తక్కువ బిడ్డయైనను వైద్యుని అడుగక కొనరాదు.

రెండవది, బిడ్డ కూర్చుండు గుడ్డ వెడల్పు. అది ఒక మోకాలి గుంట నుండి రెండవ మోకాలి గుంట వఱకు బిడ్డ తొడలను పట్టియుండవలెను. తొడలు ఇరుప్రక్కలకు విడివడి, మోకాళ్లు పిఱుదుల కంటె కొంచెము ఎత్తుగ నుండవలెను. గుడ్డ యిరుకై, కాళ్లు నిలువున వ్రేలాడుచుండినచో పసిబిడ్డ తుంటికీళ్లకు మంచిది కాదని వైద్యులు చెప్పుచున్నారు. మన అమ్మమ్మలు బిడ్డను చంక నెత్తుకొన్నపుడు కాళ్లు రెండును తమ నడుమున కిరువైపుల విడదీసి కూర్చుండబెట్టుకొనెడివారు. శాస్త్రము నేడు చెప్పుచున్నదియు అదియే.

మూడవది, కాళ్లు దూర్చు సందులు. అవి బిడ్డ జాఱిపోవునంత వదులుగ నుండరాదు. తొడలను కోయునంత బిగువుగను ఉండరాదు. మెత్తని క్యారియరుల నుండి బిడ్డలు జాఱిపడుటయే ముఖ్యమైన ప్రమాదమని యెంచి 2014లో అమెరికా ప్రభుత్వము వీనికి తప్పనిసరి ప్రమాణములు విధించెను. నాలుగవది, మెడకు ఆధారము. ఐదవది, నడుముపట్టీ. భుజపట్టీలు మాత్రమే గలది మెడను, వీపును లాగివేయును. వెడల్పైన నడుముపట్టీ గలదానియందు బరువు తుంటి యెముకలమీదికి దిగును. బకిల్సు బిగించునపుడు 'టక్' మను చప్పుడు వినబడవలెను. కుట్లు లాగి చూడవలెను. మన యెండలకు దళసరి దూది పెట్టినదానికంటె గాలి యాడు నూలుగుడ్డయే మేలు.

చీర కట్టుకొను మనకు మఱికొన్ని మాటలు చెప్పవలసియున్నవి. పైట పిన్నీసు సరిగ బిడ్డ చెంప తగులుచోటనే యుండును. కావున దానిని భుజము వెనుకకు మార్చుకొనవలెను. నల్లపూసలు, గొలుసులు బిడ్డ ముఖమునకు, క్యారియరు గుడ్డకు నడుమ నలిగి గుచ్చుకొనును. వానిని వెనుకకు త్రోసికొనుటయో, తీసి దాచుటయో మంచిది. నడుముపట్టీ కుచ్చిళ్లపై జాఱకుండ, వానికి పైగా బిగింపవలెను. కుచ్చిళ్లు ఒక అంగుళము ఎత్తుగ కట్టుకొన్నచో మెట్టుపై కాలికి తగులవు. పైట చెఱగును ఎండకని బిడ్డ ముఖముపై కప్పుట ఎంతమాత్రమును కూడదు.

ప్రయాణమునకు మూడు వారములు ముందుగనే మా అమ్మాయి యింటిలో సాధన మొదలుపెట్టెను. మొదట 5 కిలోల బియ్యపు సంచిని అందు పెట్టి పట్టీలు బిగించి నడచి చూచెను. పిదప మంచము ప్రక్కన నిలిచి, నేను దగ్గఱనుండగా, బిడ్డను కూర్చుండబెట్టెను. మొదటిదినము పావుగంట, తరువాత అరగంట. ఇంటిలో దీనిని వాడు సోదరీమణులకు ఒక హెచ్చరిక: బిడ్డను ఱొమ్మున కట్టుకొని పొయ్యి దగ్గఱకు పోరాదు, తిరుగమోత వేయరాదు, వేడి కాఫీ త్రాగరాదు. ఆ సమయమున మొదట వేడి తగులునది బిడ్డకే గదా.

బ్రిటన్ దేశమున తల్లులకు ఐదు గుర్తులు నేర్పుదురు. వానిని మేము మన మాటలలో ఇట్లు చెప్పుకొంటిమి: బిగువు, చూపు, ముద్దు, గడ్డము, వెన్ను. సంచి ఒడలికి బిగువుగ నంటియుండవలెను. బిడ్డ ముఖము ఎల్లపుడును మన చూపునకు ఆనవలెను. తల వంచినంతనే బిడ్డ నెత్తి ముద్దిడునంత ఎత్తున ఉండవలెను. బిడ్డ గడ్డము తన ఱొమ్మునకు ఆనుకొనక, రెండు వ్రేళ్లు పట్టు సందుండవలెను. వెన్ను కూలబడక ఆధారముతో నిలువవలెను.

ఈ గుర్తులు ఊరక పుట్టినవి కావు. పసిబిడ్డ మెడలో బలముండదు. తల ముందునకు వ్రాలి గడ్డము ఱొమ్మున కానినచో శ్వాసనాళము నొక్కుకొనిపోవును; బిడ్డ యేడ్వను గూడ ఏడ్వలేదు. 2010 మార్చిలో అమెరికా వినియోగవస్తు భద్రతా సంఘము తల్లులను హెచ్చరించుచు, జోలె వంటి గుడ్డసంచులలో అంతకు ముందటి 20 ఏండ్లలో 14 మంది శిశువులు మరణించిరనియు, అందు 12 మంది నాలుగు నెలల లోపువారే యనియు తెలిపెను. జోలె వేఱు, నిలువున కూర్చుండబెట్టు క్యారియరు వేఱు. అయినను ఊపిరి సంగతి రెండింటికిని ఒక్కటే.

ఇక దారి సంగతి. తిరుమలకు నడక దారులు రెండు. చంద్రగిరి వైపున, శ్రీనివాసమంగాపురమునకు సమీపమున మొదలగు శ్రీవారిమెట్టు దారి 2,388 మెట్లు. దూరము 2 కిలోమీటర్లకు కొంచెము ఎక్కువ. అది పొట్టిదే గాని నిలువైనది. అలిపిరి దారి పొడుగైనను నడుమ చదునైన నేల చాల కలదు. పెక్కుచోట్ల పైకప్పును, కూర్చుండుటకు తావును కలవు. బిడ్డ బరువు ముందువైపున ఉన్నవారికి విడువని మెట్లకంటె నడుమ నడుమ చదును దొఱకు దారియే మేలని మేము అలిపిరి నెన్నుకొంటిమి. సామానులను అలిపిరిలోనే దేవస్థానము వారికి అప్పగించినచో ఉచితముగ కొండపైకి చేర్చుదురు. కావున చేతులు వట్టివగును.

కాలము నెన్నుకొనుటయు ముఖ్యమే. 2023 ఆగస్టులో ఈ దారియందే ఆఱేండ్ల బాలికను చిఱుతపులి పొట్టనబెట్టుకొనెను. ఆ పిమ్మట దేవస్థానమువారు మధ్యాహ్నము 2 గంటలు దాటిన తరువాత చిన్నపిల్లలను నడకదారిలో పోనీయకుండ కట్టడి చేసిరి. బిడ్డతో పోవువారు అప్పటికి అమలునందున్న నియమములను బయలుదేఱుటకు ముందే విచారించుకొని, తెల్లవాఱిన తరువాత గుంపుతో కలిసి నడువవలెను.

బయలుదేఱు ముందటి రాత్రి మా యింట చిన్న వాదము జరిగెను.

"అమ్మా, మొక్కు నాది. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా నేనే ఎత్తుకుంటాను" అని మా అమ్మాయి.

"మొక్కు నీదే తల్లీ, ఊపిరి మాత్రం దానిది. నీ కాళ్లు నడిస్తే స్వామికి నీ మొక్కు చెల్లుతుంది. బిడ్డను ఏ చేయి మోస్తే ఏం?" అంటిని.

ఆమె మాఱు పలుకలేదు. కాని తెల్లవాఱునప్పటికి క్యారియరు పట్టీలను తన కొలతకును, భర్త కొలతకును సరిపెట్టి, రెండుచోట్లను దారముతో గుర్తులు కుట్టియుంచెను. బిడ్డను కని ఐదు నెలలు గాని కాని తల్లికి నడుము, కీళ్లు ఇంకను పూర్తిగ బిగియవు. మోయుటలో తండ్రికిని పాలున్నదని ఆ దారపు గుర్తులు చెప్పక చెప్పినవి.

ఉదయము 6 గంటలకు పాదాలమండపము కడ మ్రొక్కి నడక మొదలుపెట్టితిమి. మంచు పలుచగ నుండెను. మెట్టుమెట్టునకును స్త్రీలు పసుపు పూసి కుంకుమ పెట్టుచు, కర్పూరము వెలిగించుచు ఎక్కుచుండిరి. చూచుటకు కన్నులపండువుగ నుండును. కాని ఱొమ్మున బిడ్డ గల తల్లి ఆ మెట్లపూజ చేయరాదు. నడుము వంచినంతనే బిడ్డ బరువు ముందునకు తూగును. బిడ్డ పైనుండి జాఱవచ్చును. వ్రేలాడు పట్టీ కొనలకు కర్పూరపు మంట అంటవచ్చును. మా అమ్మాయి బదులు నేను పూజ చేసితిని. ఏదేని తీయవలసి వచ్చినపుడు ఆమె నడుము వంచక, ఒక చేయి బిడ్డ వీపున ఉంచి, మోకాళ్లు మడచి దిగెడిది. పసుపు తడిసిన మెట్టు జాఱును గనుక ఎక్కువమంది పూజ చేయువైపు విడిచి, కమ్మి గల వైపుననే నడచితిమి.

బిడ్డ ముందున ఉన్నపుడు తల్లికి తన పాదములు కనబడవు. ఇది ఇంటిలో తెలియదు, మెట్లపైననే తెలియును. మా అల్లుడు ఒక మెట్టు ముందు నడచుచు, విఱిగిన రాయియో, నీరో కనబడినపుడు చెప్పుచుండెను. ప్రతి మెట్టుపైనను కాలు పూర్తిగ మోపి, రెండవ కాలు దాని ప్రక్కకు చేర్చి, ఆ తరువాతనే మఱియొక మెట్టు ఎక్కెదమని నియమము పెట్టుకొంటిమి.

తలయేరుగుండు దాటిన తరువాత ఒక మండపమున కూర్చుండియుండగా అనంతపురము వైపునుండి వచ్చిన ముసలమ్మ యొకతె మా అమ్మాయిని తేఱిపాఱ చూచి, "ఏం తల్లీ, ఆ సంచిలో బిడ్డకు ఊపిరాడుతుందా?" అని అడిగెను. మా అమ్మాయి నవ్వి బిడ్డ ముఖము చూపబోయి, తానును చూచి, నవ్వు మానెను. గంటసేపు నడచుటలో భుజపట్టీ కొంచెము వదులై, నిద్రించుచున్న బిడ్డ క్రిందికి దిగి, గడ్డము ఱొమ్మునకు ఆనుచుండెను. వెంటనే పట్టీ బిగించి, బిడ్డను పైకి జరిపి, తలను ప్రక్కకు త్రిప్పి ఆనించెను. బిడ్డ ఒకసారి పెదవులు చప్పరించి మరల నిద్రపోయెను. "అడిగినందుకు ఏమనుకోకు తల్లీ" యని ముసలమ్మ యనగా, మా అమ్మాయి "అడగకపోతే అనుకోవాలి అవ్వా" యని ఆమె పాదముల కంటి మ్రొక్కెను. అది మొదలు ప్రతి వంద మెట్లకును ఆగి, ఐదు గుర్తులును వరుసగ చూచుకొంటిమి. నిద్రపోవు బిడ్డను మేలుకొన్న బిడ్డకంటె ఎక్కువసార్లు చూడవలెను.

గాలిగోపురము వఱకు గల మెట్లు ఈ దారిలో గట్టివి. రాత్రులందు తిరుపతి వీథుల నుండి దీపములతో కనబడు ఆ గోపురము పగలు దగ్గఱికి వచ్చినకొలది దూరమగుచున్నట్లు తోచును. అచటికి చేరునప్పటికి మా అమ్మాయి మోకాళ్లు వణకుచుండుట చూచితిని. నేనేమియు అనలేదు. ఆమెయే బల్లపై కూర్చుండి, బకిల్సు విప్పి, బిడ్డకు పాలిచ్చి, త్రేన్పు వచ్చువఱకు భుజమున వైచుకొని, పిమ్మట భర్త చేతి కందించెను. నడచుచు క్యారియరులోనే పాలిచ్చుట మంచిది కాదు. బిడ్డ ముక్కు ఎచట అణగునో తెలియదు. ఆఱు నెలలు నిండువఱకు బిడ్డకు చన్నుపాలే చాలును; నీరు గూడ అక్కఱలేదు. అందువలన తల్లియే తఱచుగ నీరు త్రాగవలెను.

గోపురము దాటిన తరువాత దారి చాల దూరము చదును. జింకల పార్కు, ఏడవమైలు ఆంజనేయస్వామి విగ్రహము, ఇరుప్రక్కల చెట్లు, వానిపై కోతులు. కోతులకు భయపడి చేతిలో తినుబండారములు ఉంచుకొనలేదు. ఎండ యెక్కుచుండగా బిడ్డ మెడ వెనుక చేయిపెట్టి చూచితిమి. చెమట పట్టెను. ఇరువుర ఒడలి వేడి కలియునపుడు క్యారియరు గుడ్డయే ఒక దుస్తుగా లెక్క. దాని లోపల ఒక పలుచని నూలుచొక్కా చాలును. అరగంట దానిని విప్పి బిడ్డను చాపపై పరుండబెట్టితిమి. కాళ్లు తన్నుకొనుచు ఆడుకొనెను.

చివరనున్న మోకాళ్లపర్వతము పేరునకు తగినదే. మా అమ్మాయి మరల బిడ్డను తీసికొనెను. ఈసారి పదిమెట్లకొకసారి నిలిచెను. మా నడక మొత్తము ఆఱు గంటలు పట్టెను. ఒంటరిగ నడచువారు అందులో సగము కాలమునకే చేరుదురు. బిడ్డతో ఎక్కువారు ఆ సగము కాలమును లెక్కింపరాదు.

కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించునపుడు బిడ్డను క్యారియరు నుండి తీసి తండ్రి ఒడిలో కూర్చుండబెట్టితిమి. గుండునకు గంధము పూసిన తరువాత బయట చలిగాలికి టోపీ పెట్టవచ్చును. క్యారియరులో అది కన్నులమీదికి, ముక్కుమీదికి జాఱకుండ చూచుకొనవలెను. ఏడాది లోపు బిడ్డలతో వచ్చు తలిదండ్రులకు సుపథము ద్వారమున దర్శనమునకు పోవు ఏర్పాటు కలదు. దానికి బిడ్డ జనన ధ్రువపత్రము దగ్గఱ నుంచుకొనవలెను. ఆలయములోపల మేము క్యారియరు వాడలేదు. వెనుకనుండి జనము త్రోసినపుడు ఱొమ్మున ఉన్న బిడ్డ ముఖము తల్లి ఒడలికే అదుముకొనును. పొడగరియైన తండ్రి భుజముపై బిడ్డ ముఖము గాలికి తేలియుండెను. తీర్థము తల్లియు తండ్రియు పుచ్చుకొనిరి. అందు పచ్చకర్పూరముండును గనుక బిడ్డ నోట వేయలేదు. కర్పూరము కడుపులోనికి పోవుట పసిబిడ్డలకు హాని.

దిగుటకు బస్సు నెక్కితిమి. మెట్లు ఎక్కునపుడు జాఱినచో చేతులు ముందున్న మెట్టుపై ఆనును. దిగునపుడు జాఱినచో కాలికింద నేల కనబడదు, పట్టు దొఱకదు, మొదట నేలను తాకునది బిడ్డ యగును. కావున బిడ్డను ఱొమ్మున కట్టుకొని ఆ మెట్లు దిగవద్దని నా మనవి. ఇంకొక మాట: కారులో క్యారియరు శిశువుల పీఠమునకు బదులు కాదు. బండి గట్టిగ ఆగినచో తల్లి బరువంతయు ముందున్న బిడ్డపై పడును.

నాలుగు నెలలు నిండని బిడ్డయైనను, మెడ నిలుపని బిడ్డయైనను, తల్లికి శస్త్రచికిత్స గాయము మానకున్నను, ఈ మెట్లదారి మొక్కును వాయిదా వేయుటయే తగును. బిడ్డను పెద్దలతో బస్సులో పంపి, ఆరోగ్యముగల తల్లి ఒంటరిగ నడచినను మొక్కు తీఱును. పుట్టువెండ్రుకలకు నడకతో పనిలేదు. క్యారియరు తల్లికి రెండు చేతులు మిగుల్చును. ఆ మిగిలిన చేతులలో ఒకటి కమ్మికిని, రెండవది బిడ్డ వీపునకును చెందవలెను. ఆ రెండింటికి గాక సెల్‌ఫోనునకు చేయి యిచ్చు తల్లి యెవ్వరును ఈ దారి యెక్కకుండుట మేలు.